గాలి తియ్యి

కుక్కర్ మామ మా బావమరిదిని నెత్తురు కారేలా కొట్టాడు, ఒక్క జోకుకి.

ఆ పొద్దున మా ఫ్యాక్టరీలో ఉన్న రెండు ఆవిరి పాత్రల్లో ఒకదాన్ని గ్యాస్ కట్టర్‌తో కోసి లారీకెక్కించారు. మనిషి లోపలికి దిగి నిలబడితే తల కూడా పైకి కనిపించనంత లోతైన ఇనుప పాత్ర అది. చేప ముక్కలు నింపి సీలు వేసిన డబ్బాలను బుట్టల్లో పేర్చి అందులోకి దించేవాళ్లు. మూత బిగించి ఆవిరి పట్టించేవాళ్లు. ఆ వేడికి డబ్బాలోని సూక్ష్మజీవులన్నీ చచ్చి, చేప ఏళ్ల తరబడి చెడకుండా ఉండేది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఎలాగో ఇదీ అలాగే కాబట్టి అందరూ దాన్ని కుక్కర్ అనేవాళ్లు. దాన్ని నడిపే మనిషి కుక్కర్ మామ అయ్యాడు. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

లారీ గేటు దాటుతుంటే మా బావమరిది క్యాంటీన్‌లో టీ తాగుతున్నాడు. అందరికీ వినపడేలా, "ఇన్నేళ్లూ మన మామ కుక్కర్ గాలి తీశాడు. ఇవాళ కుక్కరే మామ గాలి తీసేసిందిరోయ్!" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు పూర్తయ్యేలోపే కుక్కర్ మామ లేచి, చేతిలోని స్టీలు గ్లాసు అంచుతో వాడి కనుబొమ్మ మీద ఒక్కటిచ్చాడు. వాడు బెంచీ మీంచి వెనక్కి పడ్డాడు. పడ్డవాణ్ణి ఆయన బూటుకాలితో డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. నలుగురం వేళ్లాడితే గానీ ఆ కాలు ఆగలేదు.

"నా దగ్గర పని నేర్చుకున్న కుక్క నన్నే మొరుగుతుందా?"

"పని నేర్పావా?" మావాడు నేలమీదే కూర్చుని నెత్తురు ఉమ్మాడు. "తన్నులు తినడం నేర్పావు. బాగా వచ్చింది నాకు. ఇక కొట్టడం నేర్చుకుంటా, చూస్తుండు."

వాడి కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. బల్ల తుడిచే గుడ్డ కోసం నేను చెయ్యి చాపితే, వెనకనుంచి ఎవరో ఒక రుమాలు అందించారు. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు. ఇచ్చిందెవరో తిరిగి చూసేలోపు జనంలో కలిసిపోయారు. ఆ మనిషి మళ్లీ దాన్ని అడగనూ లేదు.

మా బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఆవిడ పోయాక వాడూ నేనూ రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. నేను వండుతాను, ఉప్పు ఎక్కువైందని వాడు అరుస్తాడు. అక్కకున్న కోపమే తమ్ముడికీ ఉంది. కాకపోతే ఆవిడ గిన్నెల మీద చూపించేది, వీడు మనుషుల మీద చూపిస్తాడు. గిన్నె సొట్టపోతే పనికొస్తుంది. మనిషి సంగతి అలా కాదు కదా.

ఫ్యాక్టరీలో నా పని డబ్బాల పరీక్ష. సన్నటి స్టీలు కడ్డీతో ఒక్కో మూతమీద చిన్నగా కొట్టి చప్పుడు వింటాను. మంచి డబ్బా ఖంగుమంటుంది, లోపమున్నది మొద్దుగా పలుకుతుంది. కాలేజీలో రసాయన శాస్త్రం చదివి డబ్బాల మీద తాళం వేసుకుంటున్నానని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఫ్యాక్టరీలో మాత్రం నన్ను మాస్టారు అంటారు.

కుక్కర్ మామ దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ మొదట అబ్బేది ఒకే ఒక్క మాట. తియ్యి. మూత బిగించి ఆవిరి వదలగానే, లోపల ఉన్న గాలినంతా పైనున్న వాల్వు తిప్పి బయటికి తరిమెయ్యాలి. గాలి మిగిలిన చోటికి ఆవిరి చేరదు. ఆవిరి చేరని డబ్బా పచ్చిగా ఉండిపోతుంది. ఆ ఒక్క డబ్బా ఒక ఇంటిల్లిపాదినీ పాడెక్కిస్తుంది. ఆయనకిది ఆయన గురువు పానాతో వీపుమీద కొట్టి నేర్పాడట. ఈయన అరచేత్తో మెడమీద కొట్టి నేర్పేవాడు. ఆవిరి హోరులో పెద్ద మాటలు వినపడవు కాబట్టి ఆయన ఎప్పుడూ 'గాలి' అనేవాడు కాదు. "తియ్!" అని అరిచేవాడు. అరుపు చెవిన పడేసరికి చెయ్యి వాల్వు మీద ఉండాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మెడ వాచేది. మావాడి మెడ ఆ పాఠం చాలాసార్లు చదివింది.

కొత్తగా వచ్చిన యంత్రం దీనికి పూర్తిగా తలకిందులు. లారీ పొడవున్న దళసరి ఫైబర్ గొట్టం, దాని చుట్టూ రాగి చుట్ట. గొట్టంలో డబ్బాలు వరసగా దొర్లుతుంటాయి. చుట్టలోకి కరెంటు పంపితే మంటా ఆవిరీ ఏమీ లేకుండా, డబ్బా రేకు దానంతటదే లోపల్నుంచి కాగిపోతుంది. చుట్టమీద చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. పొగ రాదు, సెగ తగలదు, లోపల మాత్రం చేప కుతకుతలాడుతుంటుంది. అందుకే దానికి మావాళ్లు దొంగపొయ్యి అని పేరు పెట్టారు.

దొంగపొయ్యికి గాలి కావాలి. బయట ఆవిరి ఒత్తిడి లేదు కాబట్టి, కాగిన డబ్బా లోపల్నుంచి ఉబ్బి మూత ఎగిరిపోతుంది. అలా కాకుండా గొట్టం నిండా గాలిని దట్టించి, బయటినుంచి డబ్బాలను అదిమిపెడతారు. వేడిచేయడం అయ్యాక అదే గొట్టంలోకి చన్నీళ్లు వదిలి, డబ్బాలు పూర్తిగా చల్లారాకే గాలి తీయాలి. ముందు తీస్తే ఒక్కో డబ్బా ఒక్కో బాంబు.

దీన్ని నడపడానికి కంపెనీ మా బావమరిదిని ఎంచుకుంది. వాడికి సహాయకుడిగా, ఇంకెవరూ దొరకనట్టు, కుక్కర్ మామను వేసింది.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం మావాడు కనుబొమ్మ మీద కుట్లు తడుముకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏదో ఒక రోజు వాణ్ణి చంపేస్తా బావా. చంపి జైలుకెళ్తా. నువ్వేం బెంగపడకు, ఉప్పు తక్కువైనా అక్కడ నోరు మూసుకుని తింటా."

నవ్వుతూ అన్నాడు. కానీ వాళ్లక్క నవ్వుతూ అన్నవేవీ ఊరికే పోలేదు. నేను మర్నాడు మేనేజరు దగ్గరికెళ్లి, వాళ్లిద్దర్నీ ఒకచోట ఉంచితే ప్రాణం పోతుందని చెప్పాను.

"పెళ్లేం చెయ్యట్లేదుగా మాస్టారూ, పక్కపక్కన నిలబడి పనిచేయమన్నాం, అంతే" అన్నాడాయన.

పక్కపక్కన కాదు, గొట్టానికి ఆ చివరా ఈ చివరా. మావాడి చివర చిన్న గాజు కిటికీ. అందులోంచి డబ్బాలు సరిగ్గా దొర్లుతున్నాయో లేదో చూస్తుండాలి. ఒక డబ్బా ఆగిపోయిందా, చేప ఒకవైపు రేకుకి అంటుకుని మాడుతుంది, రేకు ఎర్రబడుతుంది, సీలు ఊడుతుంది. వెంటనే కరెంటు ఆపెయ్యాలి. కరెంటు ఆపే ఎర్ర బొత్తాం, దాని పక్కనే గాలి తీసే చక్రం, కుక్కర్ మామ చివర ఉన్నాయి. నేను పరీక్ష డబ్బాల కోసం రోజూ ఆ మధ్యలో నిలబడేవాణ్ణి. డబ్బాల మిష తీసెయ్యండి, కాపలా కాసేవాణ్ణి. వాళ్లిద్దరూ చూపులు కూడా కలవనిచ్చేవాళ్లు కాదు. ఒకసారి మావాడు దాటుతూ కావాలని భుజం తగిలించాడు. కుక్కర్ మామ వాడి కాలర్ పట్టి గోడకి కొట్టాడు, మావాడు మోకాలితో ఆయన పొత్తికడుపులో కుమ్మాడు. నేను దూరితే ఇద్దరి దెబ్బా నాకే తగిలింది. నా పెదవి చిట్లడం చూసి ఇద్దరూ ఆగారు. అంతవరకు అది మంచిదే.

ఆ రోజు భోజనాలయ్యాక మూడో విడత డబ్బాలు వేశారు. కరెంటు పూర్తి స్థాయికి వచ్చింది. నేను పాత విడత డబ్బాల మీద కడ్డీతో కొట్టుకుంటున్నాను. మావాడు కిటికీ దగ్గర వంగినవాడు వంగినట్టే బిగుసుకుపోయాడు. లోపల ఒక డబ్బా అడ్డం తిరిగి, దాని వెనకవన్నీ ఆగిపోయాయి. గాజు కిటికీ నారింజ రంగుకి తిరగడం నాకూ కనిపించింది.

"తియ్!" అని అరిచాడు వాడు. "తియ్ మామా, తియ్!"

కరెంటు తియ్యమని వాడి ఉద్దేశం. ఆ కంగారులో పగ మరిచిపోయి, ఎన్నాళ్లకో 'మామా' అన్నాడు. అది కూడా నేను విన్నాను.

కుక్కర్ మామ చెయ్యి కన్నురెప్పపాటు కూడా ఆలస్యం చేయలేదు. ఎర్ర బొత్తాం దాటి, గాలి చక్రం మీద పడి, ఒక్క ఊపులో పూర్తిగా తిప్పేసింది. జీవితమంతా ఆ షెడ్డులో ఆ మాటకి ఉన్నది ఒకటే అర్థం.

గాలి ఈల వేసుకుంటూ బయటికి పోయింది. తర్వాత మొదటి డబ్బా పేలింది. ఆ తర్వాత లెక్కలేదు. గొట్టం నిలువునా చీలింది. మరిగే ఉప్పునీరు, నూనె, చేప ముక్కలు చీలికలోంచి గోడల మీదికి చిమ్మాయి. మూతలు గిరగిరా తిరుగుతూ కత్తుల్లా ఎగిరాయి. ఒకటి నా తలపక్క చెక్కపెట్టెలో సగం దాకా దిగింది. ఇంకొకటి మా బావమరిది చెవిని కింది తమ్మె మాత్రం మిగిల్చి మిగతాదంతా కోసుకుపోయింది. కుక్కర్ మామ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకునేలోపే ఆ సలసల కాగే నీళ్లు ఆయన ముఖం మీద పడ్డాయి. ఆయన అరవలేదు. గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు చేసి మోకాళ్లమీద కూలబడ్డాడు.

నేను పరుగెత్తి ఎర్ర బొత్తాం నొక్కాను. వెనక్కి తిరిగేసరికి మావాడు బుట్టలు లాగే ఇనుప కొక్కెం పట్టుకుని వస్తున్నాడు. చెవినుంచి నెత్తురు మెడమీదుగా చొక్కాలోకి దిగుతోంది.

"చంపాలని చూశావు కదరా నన్ను! కావాలని తిప్పావు కదరా!"

కొక్కెం కుక్కర్ మామ భుజంలో దిగింది. లాగితే కండ చీల్చుకుని వచ్చింది. ఆయనకి కళ్లు తెరుచుకోవడం లేదు. గుడ్డిగా చేతులు ఆడించి, దొరికిన గొంతు పట్టుకుని, ఆ తలను తీసుకెళ్లి గొట్టం కాలికేసి కొట్టాడు. ఇద్దరూ నూనెలో జారి పడ్డారు. పడి కూడా వదల్లేదు. ఆయన వాడి ముఖం మీద గుడ్డిగా గుద్దుతున్నాడు, వాడు ఆయన ముంజేతిని పళ్లతో పట్టాడు. కాలిన చర్మం ఊడి వాడి పళ్లకంటుకుంది.

చప్పుడుకి షెడ్డులన్నీ ఖాళీ అయ్యాయి. దొంగపొయ్యి వస్తే తమ పని పోతుందని మండిపడుతున్న బుట్టలవాళ్లు గడ్డపారలతో వచ్చి దాని మీద పడ్డారు. మిగతా యంత్రాలు నడిపేవాళ్లు వాళ్లమీద పడ్డారు. ఇక ఎవరి పాత కక్షలు వాళ్లకు గుర్తొచ్చాయి. ఎప్పుడో సైకిల్ గాలి తీశాడని ఒకడు ఇంకొకడి పన్ను రాలగొట్టాడు. ఒకడి చెయ్యి చీలిన గొట్టంలో ఇరుక్కుంటే, వాణ్ణి అలాగే నిలబెట్టి ఇంకొకడు తన్నాడు. కాళ్లకింద చేప ముక్కలు నలిగి పేస్టయిపోయాయి.

"పొరపాటు! అది మాట పొరపాటు!" అని నేను అరిచాను. ఏనాడూ గొంతు పెంచనివాడికి అవసరమైన రోజు గొంతు ఎక్కడినుంచి వస్తుంది? నా మాట నాకే వినపడలేదు.

వినపడింది లేబుళ్లు అంటించే వదిన గొంతు. ఆవిడ రెండు చేతులా బకెట్ పట్టుకుని ఆ కుమ్ములాటలోకి దూసుకొచ్చింది. "కొట్టుకు చావండ్రా, ఒక్కడు కూడా మిగలకండి! నా బకెట్ తన్నినవాణ్ణి మాత్రం నేనే చంపుతా!" కుక్కర్ మామ జుట్టు పట్టి తల వెనక్కి వంచి, ఆ కాలిన ముఖం మీద చన్నీళ్లు ధారగా పోస్తూ నిలబడింది. చుట్టూ గడ్డపారలు ఆడుతుంటే ఆ ధార తెగలేదు. నా జీవితంలో నేను చూసిన దయల్లో అన్ని తిట్లతో కూడినది మరొకటి లేదు.

మావాడు లేచాడు. కొక్కెం మళ్లీ దొరికింది వాడికి. కుక్కర్ మామ వెనక్కి వాలిన మెడ, నీళ్లతో మెరుస్తూ, వాడి ముందుంది. వదిన చూసి, "వద్దురా నాయనా" అంది. మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది. వాడు కొక్కెం తలపైకెత్తాడు. వాడి ముఖంలో కోపం లేదు, ఒక పని పూర్తిచేసుకోబోయే మనిషి స్థిమితం ఉంది. అది చూశాక నాకు అర్థమైంది, ఇక మాటలతో అయ్యేది కాదు.

చెక్కపెట్టెకి ఊడిన పలక ఒకటి నా కాలిదగ్గర ఉంది. రెండు చేతులా ఎత్తి, మా ఆవిడ తమ్ముడి ముంజేతి మీద శక్తికొద్దీ కొట్టాను. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. కొక్కెం నేలమీద పడింది. చెయ్యి మణికట్టుకి పైన, ఎక్కడా వంగకూడని చోట వంగింది.

వాడు చేతిని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "బావా?" అన్నాడు, దారి అడిగినట్టు. అని కూర్చుండిపోయాడు.

"మాస్టారు కొట్టాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. ఆ అరుపులో ఉన్నది భయం కాదు, నమ్మలేకపోవడం. పక్కవాడు కాలర్ వదిలి తిరిగి చూశాడు. వాడి పక్కవాడూ చూశాడు. నా చేతిలో పలక ఇంకా ఉంది. అందరూ దాన్నీ నన్నూ చూస్తుండగా కొట్లాట దానంతటదే వదులైపోయింది. ఒకడు తను అంతవరకూ తన్నుతున్నవాణ్ణే లేపి, గొట్టంలో ఇరుక్కున్న చెయ్యి విడిపించాడు.

కంపెనీ డిస్పెన్సరీలో ఉన్నవి రెండే మంచాలు. వాళ్లిద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టారు. డాక్టరు కుక్కర్ మామ ముఖమంతా కట్టు కట్టి, నోటి దగ్గర మాత్రం వదిలాడు. ఒక కంటికి ఫరవాలేదనీ, రెండోదాని గురించి కట్టు విప్పాకే చెప్పగలననీ అన్నాడు. మావాడి చెవికి కుట్లు, చేతికి పిండికట్టు. ఉన్న ఒక్క స్టూలూ ఎవరో పట్టుకుపోయారు. నేను రెండు మంచాల మధ్య నిలబడ్డాను.

దారిలో వ్యాన్‌లోనే మావాడికి చెప్పాను. "నువ్వు తియ్యి అన్నావు, ఏది తియ్యాలో అనలేదు. ఆయన పొరపాటు పడ్డాడు."

"నేనేమన్నానో నాకు తెలుసు. వాడేం చేశాడో కూడా తెలుసు" అన్నాడు వాడు. మంచం పక్క బల్లమీద కత్తెరలున్న ట్రే ఉంది. వాడి ఎడమ చెయ్యి బాగానే ఉంది. చూపు ఆ ట్రే మీద ఉంది. నేను ట్రే తీసి కిటికీలో పెట్టాను. వాడు నా వైపు చూసి, ఎన్నిసార్లు తీస్తావు అన్నట్టు కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి కుక్కర్ మామ కదిలాడు. "ఎవరున్నారు?"

"నేను. మాస్టార్ని."

"మీ బావమరిది? బతికున్నాడా?"

"ఉన్నాడు. పక్క మంచం మీదే ఉన్నాడు."

కట్టులో ఉన్న తల అటు తిరిగింది. పెదవులు ఉబ్బి మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. "ఒరేయ్. నువ్వు తియ్యి అనగానే తీశాను రా. క్షణం ఆగలేదు. లేటు చేశావని నిన్ను ఎన్నిసార్లు కొట్టానో... నేను లేటు చెయ్యకూడదనుకున్నా. లేటయిందా?"

మావాడు కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నాడు. గొంతుమీద ఆయన వేళ్ల గుర్తులు నల్లగా తేలాయి. ఎడమ చేతి పిడికిలి బిగుసుకుంది.

"లేదు" అన్నాడు చివరికి. "తొందరగానే తీశావు."

"మరెందుకు పేలాయి?"

"తియ్యమంది గాలి కాదు. కరెంటు."

కట్టులో ఉన్న తల మళ్లీ పైకప్పు వైపు తిరిగింది.

"కరెంటు అని ఏడవచ్చుగా, వెధవా."

"ఏడవాల్సింది. నీ దగ్గర నేర్చుకున్నా కదా, సగం మాటే వచ్చు."

"హు" అన్నాడాయన. "తర్వాత నన్నెవడో కొక్కెంతో పొడిచాడు. బుట్టలవాళ్లా?"

మావాడు నావైపు చూశాడు.

"నేనే" అన్నాడు. "నువ్వు కావాలని చేశావనుకున్నా. చంపేద్దామనుకున్నా. నిజంగానే."

కుక్కర్ మామ భుజం తడుముకున్నాడు. కట్టు ఎంతదూరం ఉందో వేళ్లతో కొలిచాడు. "గట్టిగానే దించావు."

"నువ్వేం తక్కువ తినలేదు. మింగుతుంటే గొంతులో ముళ్లున్నట్టుంది."

"నీకు చెయ్యి విరిగిందంటున్నాడు డాక్టరు. అదీ నా పనేనా?" ఆ అడగడంలో కొంచెం ఆశ ఉంది.

"కాదు. మా బావ."

"ఎవరూ? మాస్టారా?" కుక్కర్ మామకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, నొప్పికి మూలుగు, మూలుగు మధ్య మళ్లీ నవ్వు. "పోరా! ఎవడికి చెప్తావు! ఆయన డబ్బా మీద కొడితేనే డబ్బాకి నొప్పెడుతుందేమోనన్నట్టు కొడతాడు."

కాలిన పెదవి చిట్లి నెత్తురు వచ్చింది. నేను దూది తడిపి ఒత్తాను. మావాడు మాత్రం నవ్వలేదు, నావైపు చూడనూ లేదు. విరిగిన చెయ్యి గుండెలమీద పెట్టుకుని, పళ్లబిగువున గోడవైపు జరిగాడు. మంచం మీద ఒక మనిషి కూర్చోవడానికి సరిపడా చోటు వచ్చింది. నేను కూర్చున్నాను.